అనంతపురంలో తుపాకీ: పాలెగాడి కోట నుంచి కలెక్టర్ సంతకం దాకా

ఫోన్‌లో ఒకసారి తుపాకుల వీడియోలు వెతికి చూడండి. ఎక్కడో అమెరికాలో ఒకాయన గోడ నిండా తుపాకులు తగిలించుకుని ఉంటాడు. ఇది ఇంటి కాపలాకి, ఇది పోటీలకి, ఇది మా తాత ఇచ్చింది అని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూపిస్తుంటాడు. నాలుగు వీడియోలు చూశాక మనకీ ఒక డౌట్ వస్తుంది. సరే, మనమే కొనాల్సి వస్తే ఏది కొనాలి?

ఈ ఎపిసోడ్‌లో ఆ ప్రశ్ననే అనంతపురంలో నిలబడి అడుగుదాం. ఆయనకి జవాబు దుకాణంలో దొరుకుతుంది. మనకి దొరికేది చరిత్రలో. ఎందుకంటే మన నేల మీద ఎవరి చేతిలో ఏ తుపాకీ ఉండాలనేది కొనేవాడు తేల్చుకున్న విషయం కాదు. రెండు వందల ఏళ్లుగా దాన్ని ప్రభుత్వమే తేలుస్తోంది.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. 'తుపాకి' మన మాట కాదు, టర్కీ వాళ్ల 'తుఫెక్' దీనికి చుట్టం. 1520లో రాయచూరు యుద్ధంలో శ్రీకృష్ణదేవరాయల పక్షాన పోర్చుగీసు తుపాకీగాళ్లు పోరాడారు. ఆ తర్వాత వందేళ్లు, నూటయాభై ఏళ్లలో అది ఎంత మనదైపోయిందంటే, 'తుపాకుల' అనేది ఇంటిపేరే అయిపోయింది. పల్లెల్లో పిట్టలదొర తెలుసు కదా, ఖాకీ బట్టలేసుకుని కట్టె తుపాకీ భుజాన పెట్టుకుని కోతలు కోస్తాడే, ఆయన్నే తుపాకీ రాముడు అంటారు. గన్ చేతిలో ఉంటే మనిషి మాట ఎంత పెద్దదవుతుందో జనం ఎప్పుడో కనిపెట్టి నవ్వుకున్నారన్నమాట.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. విజయనగరం పడిపోయాక మన సీమలో ఊరికో కోట, కోటకో పాలెగాడు. గుత్తి, రాయదుర్గం, పెనుకొండ, అనంతపురం హండె వంశం వాళ్లు, ఇలా. పాలెగాడి బలమంతా కట్టుబడి వాళ్లే. కట్టుబడి అంటే నెల జీతం తీసుకునే సిపాయి కాదు. తక్కువ పన్ను మీద కొంత భూమి ఇస్తారు, దాన్ని దున్నుకుంటూ ఉండాలి, పిలుపు వస్తే ఆయుధం పట్టుకుని రావాలి. ఒక చేతిలో కర్రు, ఇంకో చేతిలో ఈటెనో కత్తో వత్తి తుపాకీనో. వత్తి తుపాకీ అంటే గొట్టం మూతి నుంచి మందు, గుండు దట్టించి, వెలుగుతున్న వత్తి తగిలిస్తే పేలేది. ఒకసారి పేల్చాక మళ్లీ దట్టించుకునే దాకా శత్రువు ఆగాలి! వానపడితే అదీ లేదు. మన దగ్గర వాన భయం తక్కువే అనుకోండి.

వాన అంటే గుర్తొచ్చింది. గుత్తి కోటని ఏలిన మురారిరావు ఘోర్పడే మామూలోడు కాదు. దక్షిణాదిలో ఏ యుద్ధం జరిగినా ఆయన దండు ఎటువైపు ఉందో చూసుకునేవాళ్లు. అంతటి వాడిని 1776లో హైదర్ అలీ పట్టుకున్నాడు. ఎలా? ముట్టడి సాగి సాగి కొండ మీద తాగే నీళ్లు అయిపోయాయి. ఫిరంగులు ఉన్నాయి, మందుగుండు ఉంది, నీళ్లు లేవు. అనంతపురం వాళ్లకి ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు.

1799లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ చనిపోయాడు. ఈ ప్రాంతం నిజాం వాటాకి వచ్చింది. ఆయన తన రాజ్యంలో ఉంచుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద 1800లో దీన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. అందుకే మనల్ని 'దత్త మండలాలు' అన్నారు. రాయలసీమ అనే పేరు చాలా తర్వాతది, 1928 నంద్యాల సభలో పెట్టుకున్నాం.

ఆ దత్త మండలాలకి ప్రధాన కలెక్టర్‌గా వచ్చినాయన థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా ఉన్నాడు, కాపురం అనంతపురంలో. ఏడాదిలో చాలా భాగం గుడారాల్లోనే తిరిగేవాడు. వచ్చేసరికి ఆయనకి కనిపించిన లెక్క ఇది: 80 మంది దాకా పాలెగాళ్లు, వాళ్ల కింద దాదాపు 30 వేల మంది ఆయుధాలున్న మనుషులు. పన్ను వసూలు చేయాల్సిన కలెక్టర్ ఈ లెక్క చూస్తే ఏమనుకుంటాడు?

స్కూల్లో మనకి మన్రో అంటే రైత్వారీ అని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తారు. రైతు దగ్గర నేరుగా శిస్తు కట్టించుకోవాలంటే మధ్యలో తుపాకీ పట్టుకున్న ఇంకో మనిషి ఉండకూడదు. అంటే శిస్తు కథ, ఆయుధాల కథ రెండూ ఒకటే. కొందరి మీదికి జనరల్ క్యాంప్‌బెల్ సైన్యం వెళ్లింది. చాలామంది మీదికి సైన్యం కూడా అక్కర్లేకపోయింది. వాళ్లు కట్టాల్సిన మొత్తాన్ని బాగా పెంచేశారు. కట్టలేకపోతే పాలెం పోతుంది, కడితే దండుని పోషించే డబ్బు మిగలదు. పారిపోయినవాళ్లు పారిపోయారు, మిగిలినవాళ్లు పింఛను తీసుకుని ఇంట్లో కూర్చున్నారు. ఈ పద్ధతి మరీ కఠినమని లండన్‌లో కూర్చున్న కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు.

అయితే ఇంకో వైపు కూడా చెప్పాలి. పాలెగాళ్ల కొట్లాటల మధ్య నలిగిపోయిన రైతులకి మన్రో నిజంగానే నచ్చాడు. సీమలో పిల్లలకి 'మన్రోలప్ప' అని పేరు పెట్టుకున్నారు. ఆయన 1827లో కలరాతో పత్తికొండలో చనిపోతే ముందు గుత్తిలోనే పాతిపెట్టారు. మన చరిత్రని హీరో, విలన్ అని రెండు డబ్బాల్లో సర్దేయాలనుకునేవాళ్లకి మన్రో పెద్ద ఇబ్బంది.

ఆయుధం పోయిన కట్టుబడి మనిషికి భూమి కూడా పోతే ఏమవుతుందో 1846లో తెలిసింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెనక నడిచినవాళ్లలో ఆ కట్టుబడి వాళ్లే ఎక్కువ. కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని ఉరితీశారు. సినిమా చూశారు కదా. సినిమాలో కత్తులు బాగా మెరిశాయి గానీ, ఈ మాన్యాల గొడవ అంతగా కనపడదు.

1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషు ప్రభుత్వానికి ఈ భయం దేశమంతా పట్టుకుంది. 1878లో వైస్రాయ్ లిట్టన్ హయాంలో ఆయుధాల చట్టం తెచ్చారు. లైసెన్స్ లేకుండా ఎవరూ ఆయుధం పెట్టుకోకూడదు. ఎవరూ అంటే భారతీయులు. తెల్లవాళ్లకి మినహాయింపు. అదే ఊళ్లో తెల్లదొర రైఫిల్‌తో వేటకి వెళ్తాడు. పొలంలో పందులు పడ్డాయని రైతు నాటు తుపాకీ దాచుకుంటే కేసు.

ఇక్కడ గన్స్ మీద ఇష్టం ఉన్నవాళ్లకి ఒక సరదా సంగతి. మార్టిని-హెన్రీ రైఫిల్‌లో పనికొచ్చే పాయింట్ 450 తూటాలు తిరుగుబాటుదారుల చేతికి పోతున్నాయని, 20వ శతాబ్దం మొదట్లో ఆ సైజుని ఇండియాలో ఆపేశారు. ఇంగ్లండ్‌లో పెద్ద పెద్ద వేట రైఫిళ్లు చేసే కంపెనీలకి ఇండియానే బంగారంలాంటి బేరం. ఏం చేస్తారు? కొత్త సైజు తయారుచేశారు. ఆఫ్రికా ఏనుగుల వేట కథల్లో మోగిపోయే పాయింట్ 470 అలా పుట్టిందే. మనకి నిరాయుధం చేసే చట్టం, ప్రపంచానికి కొత్త తూటా.

ఆ రూలు ఇప్పటికీ బతికే ఉంది. పోలీసు, సైన్యం వాడే 9 ఎం.ఎం., పాయింట్ 303 లాంటివి 'ప్రొహిబిటెడ్ బోర్'. మామూలు మనిషికి ఇవ్వరు. సర్కారు తూటా నీ తుపాకీలో పట్టకూడదు, ఆలోచన అంతే. అందుకే మన దేశంలో లైసెన్స్ గన్ అంటే పాయింట్ 32 రివాల్వర్, పాయింట్ 315 రైఫిల్, 12 బోర్ డబుల్ బ్యారెల్, ఇవే వినిపిస్తాయి. 12 బోర్ అంటే ఏంటో తెలుసా? ఒక పౌను సీసాన్ని, అంటే సుమారు 453 గ్రాముల్ని, 12 సమాన గుండ్లు చేస్తే ఒక్కో గుండు సరిగ్గా పట్టే గొట్టం. అందుకే నంబర్ పెరిగితే గొట్టం సన్నబడుతుంది.

మరి స్వాతంత్ర్యం వచ్చాక ఆ చట్టం పోవాలి కదా? 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నియమాలకి లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు పౌరుడికి ఉంటుందని రాసుకున్నారు కూడా. 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దీన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చమని సవరణ పెట్టారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ఆ హక్కు అందరికీ ఇస్తే నేరస్తులకి కూడా ఇవ్వాల్సి వస్తుందని ఆయన వాదన. సవరణ ఓడిపోయింది. ఆ సభ సభ్యుల జాబితాలో మన జిల్లా నుంచి కల్లూరు సుబ్బారావు గారు, నీలం సంజీవరెడ్డి గారు కూడా ఉన్నారు. చివరికి రాజ్యాంగం 19వ అధికరణంలో మనకి దొరికింది ఏంటంటే, శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు.

ఈ విషయంలో నేను అంబేడ్కర్ వైపే. ఎందుకో చెప్తాను.

1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు, 1962 నుంచి అమలు. తెల్లా నల్లా తేడా లేదు. దీన్ని చదివితే మొదట్లో మనం అడిగిన ప్రశ్నకి జవాబు కనపడుతుంది. రక్షణకో క్రీడకో 20 అంగుళాలకి తగ్గని గొట్టం ఉన్న నున్నటి బ్యారెల్ తుపాకీ, పంట కాపాడుకోవడానికి మూతి నుంచి దట్టించే పాత రకం తుపాకీ, గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్ సభ్యుడికి గురి సాధన కోసం తుపాకీ. వీటి విషయంలో, అభ్యంతరాలేవీ లేకపోతే లైసెన్స్ ఇవ్వాలి అంటుంది చట్టం. మిగతా వాటికి, అంటే జేబులో పట్టే రివాల్వర్ లాంటి వాటికి, 'తగిన కారణం' ఉందని అధికారికి నమ్మకం కుదరాలి. చేతిలో పొడుగ్గా అందరికీ కనపడే తుపాకీ మీద చట్టానికి అనుమానం తక్కువ, నడుముకి దాచుకునే దాని మీద ఎక్కువ. 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ, వాడకంలో శిక్షణ, ఆ తర్వాత సంతకం. లైసెన్స్ వచ్చినా ప్రాణరక్షణ కోసం అవసరమైనంత బలమే వాడాలని శిక్షాస్మృతి చెప్తుంది.

పంట తుపాకీ సంగతి మన జిల్లాకి బాగా తగులుతుంది. జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడేది మనకే అని చెప్పుకుంటాం. ఆ కాస్త వానకి వేసిన వేరుశనగని అడవిపందులు రాత్రికి రాత్రి తవ్వేస్తాయి. కానీ 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక తుపాకీ ఉన్నంత మాత్రాన కాల్చడానికి లేదు, దానికి వేరే అనుమతి కావాలి. దాంతో రైతు రాత్రంతా మంచె మీద డబ్బా కొట్టుకుంటూ కూర్చుంటాడు. కొందరు కరెంటు తీగలు పెట్టి మనుషుల ప్రాణాలు తీసిన వార్తలూ చదువుతుంటాం. నిజంగా అవసరం ఉన్నవాడికి తుపాకీ ఎప్పుడూ దూరమే.

మరి దగ్గరగా ఎవరికి ఉండింది? ఫ్యాక్షన్ నాయకుల దగ్గర. కింది మనుషుల చేతిలో వేటకొడవళ్లు, నాటు బాంబులు. వాటికి లైసెన్స్ అడిగేదెవరు? పెద్దమనిషి పక్కన గన్‌మెన్. సీమలో ఎంతమంది గన్‌మెన్ వెనక నడిస్తే అంత హోదా. ఆత్మరక్షణ అనే మాటని ఇంతగా నమ్ముకున్న ప్రాంతం తెలుగు నేల మీద ఇంకోటి లేదేమో. ఫలితం చూడండి. 1997 నవంబర్ 19న పరిటాల రవిని లక్ష్యంగా చేసుకుని హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో కారు బాంబు పెట్టారు. ఆయన బయటపడ్డారు, 26 మంది చనిపోయారు. అందులో కెమెరా పట్టుకుని పనిమీద వచ్చిన ఈటీవీ వాళ్లూ ఉన్నారు. 2005 జనవరి 24న అదే రవిని అనంతపురంలో పార్టీ ఆఫీసులో, చుట్టూ మనుషులు ఉండగానే కాల్చి చంపారు. మాజీ మంత్రి, అప్పటికి ఎమ్మెల్యే. ఆయన రాజకీయం మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. కానీ రక్షణకి తుపాకులు పెంచుకుంటూ పోతే అవతలివాడు కూడా పెంచుకుంటూ పోతాడు. మధ్యలో పోయేది దారిన పోయేవాడు.

గురి మీద ఇష్టం ఉన్నవాళ్లకి మాత్రం వేరే దారి ఉంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో మందుగుండే ఉండదు, గాలి ఒత్తిడితో 4.5 ఎం.ఎం. చిన్న సీసపు గుండు వెళ్తుంది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్జౌ ఆసియా క్రీడల్లో పిస్టల్‌తో నాలుగు పతకాలు తెచ్చింది.

ఇక గోడ నిండా తగిలించుకునే కలెక్షన్ మాటకొస్తే, 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే. అంతకు ముందు మూడు ఉండేవి. తాత నుంచి వచ్చినదైనా ఆ లెక్కలోనే. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పేల్చడానికి పనికిరాని పాతకాలపు తుపాకీకి మాత్రం చట్టం మినహాయింపు ఇస్తుంది. అలాంటివి చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది, వెళ్లండి.

ఆ రెండు కూడా ఏడాది పొడుగునా ఇంట్లో ఉంటాయని లేదు. ఎన్నికల నోటిఫికేషన్ పడగానే లైసెన్స్ తుపాకులు స్టేషన్లో జమ చేయమని పోలీసుల కబురు వస్తుంది. ఎంత పెద్దాయనైనా తుపాకీ అప్పగించి రసీదు తీసుకోవాల్సిందే, ఫలితాలొచ్చాక మళ్లీ వచ్చి తీసుకెళ్లాల్సిందే. మన్రో 30 వేల మందిని లెక్కపెట్టిన అనంతపురంలో ఇప్పటికీ ఐదేళ్లకోసారి ఆ లెక్క జరుగుతూనే ఉంటుంది.

వచ్చే ఎపిసోడ్‌లో గుత్తి కొండ ఎక్కుదాం. నీళ్ల బాటిల్ మర్చిపోకండి.