ఎఫ్ 20: ఒక రోగం పేరు నడిచిన దారి

తెలుగులో 'పిచ్చి' అన్నంత విరివిగా వాడే మాటలు తక్కువ. కుర్రవాడికి క్రికెట్ పిచ్చి అంటాం. ముద్దొస్తే పసివాణ్ణి 'పిచ్చి తండ్రీ' అంటాం. పెరట్లో అడక్కుండా మొలిచింది పిచ్చిమొక్క. ఇన్ని పనులు చేసే మాట వైద్యానికి మాత్రం పనికిరాదు. ఈ రోగికీ ఆ రోగికీ తేడా చెప్పగల మాట వైద్యానికి కావాలి.

కొన్నేళ్ల కిందట ఢిల్లీలో తెలుగువారి సభలో మెదడు పనితీరు గురించి మాట్లాడి వేదిక దిగుతుంటే ఒక పెద్దావిడ ఆపారు. చేతిసంచీలోంచి నాలుగు మడతల ఆస్పత్రి కాగితం తీసి, "మాస్టారూ, ఇందులో ఎఫ్ 20.0 అని రాశారు. అంటే ఏమిటండీ? మా అమ్మాయికి సంబంధాలు చూడొచ్చా?" అని అడిగారు. ఆమె అడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిదానికి పుస్తకంలో జవాబుంది. రెండోదానికి కూడా ఆ కాగితంలోనే జవాబుందని ఆమె అనుకుంటున్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ పేరు ఎక్కడ పుట్టిందో, మన పెళ్లి చట్టంలోకి ఎలా వచ్చిందో ఈ ప్రసంగంలో చూద్దాం.

మానసిక రుగ్మతలను వర్గాలుగా విడదీయడం మన దేశానికి కొత్త కాదు. చరక సంహిత ఉన్మాదాన్ని ఐదు రకాలుగా చెప్పింది. వాత, పిత్త, కఫాల వల్ల వచ్చేవి మూడు, ఆ మూడూ కలిసి వచ్చేది ఒకటి, బయటినుంచి సోకేది ఒకటి. సుశ్రుత సంహిత దుఃఖం వల్ల వచ్చేదాన్నీ, విషం వల్ల వచ్చేదాన్నీ కూడా లెక్కలో చేర్చింది. ఆ కారణాలను ఈనాడు మనం ఒప్పుకోకపోవచ్చు. కానీ రోగిని బట్టి చికిత్స మారాలన్న ఆలోచన ఆ విభజన వెనక స్పష్టంగా ఉంది. బ్రిటిష్ వారి 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టంలో అదీ లేదు. 'లూనటిక్' అంటే ఇడియట్ గానీ, మతి స్థిమితం లేని వ్యక్తి గానీ అని చెప్పి ఆ చట్టం ఊరుకుంది. రోగం ఏ రకమైనదన్నది దానికి అక్కరలేదు. మనిషిని లోపల ఉంచాలా, బయట వదలాలా అన్నదొక్కటే కావాలి.

ఇప్పుడు జర్మనీ వెళ్దాం. ఎమిల్ క్రెపెలిన్ అనే మనోవైద్యుడు ఒక్కో రోగికి ఒక్కో కార్డు పెట్టి, లక్షణాలనూ, ఆ తర్వాత రోగి పరిస్థితి ఏమైందన్న సంగతినీ రాసుకునేవాడు. ఆ కార్డులను పోల్చి, 1899లో వెలువడిన తన పాఠ్యగ్రంథం ఆరో కూర్పులో తీవ్రమైన మానసిక వ్యాధులను రెండు పెద్ద వర్గాలు చేశాడు. ఉధృతంగా వచ్చి, తగ్గి, మళ్లీ వచ్చేది ఒకటి. చిన్న వయసులో మొదలై మనిషిని క్రమంగా క్షీణింపజేసేది రెండోది. ఈ రెండోదానికి ఆయన వాడిన పేరు డిమెన్షియా ప్రీకాక్స్, అంటే అకాలంలో వచ్చే బుద్ధిక్షయం. రోగం చివరికి ఏమవుతుందో పేరులోనే రాసేశాడన్నమాట! కొందరు కోలుకున్నారని ఆయనే నమోదు చేసినా, ఆ పేరు మాత్రం కోలుకోవడానికి చోటు ఇవ్వలేదు.

స్విట్జర్లాండుకు చెందిన యూజెన్ బ్లాయిలర్ ఈ ఇబ్బంది గమనించి, 1908లో స్కిజోఫ్రీనియా అనే కొత్త పేరు పెట్టాడు. గ్రీకులో దీనికి చీలిన మనస్సు అని అర్థం. ఆలోచనకూ, అనుభూతికీ, ప్రవర్తనకూ మధ్య పొత్తు తప్పడమే ఆయన చెప్పిన చీలిక. ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులుండటం కాదు. 2005లో వచ్చిన 'అపరిచితుడు' సినిమాలో చూపించింది వేరే రుగ్మత. ఈ రెంటినీ కలిపేయడం మన పత్రికల్లోనూ కనిపిస్తుంది. జపాన్ వారైతే ఈ చీలిక అనే అర్థం వల్ల రోగులకు జరుగుతున్న నష్టం చూసి 2002లో తమ భాషలో ఆ పేరునే మార్చుకున్నారు.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. క్షయకు క్రిమి ఉంది, మధుమేహానికి రక్తపరీక్ష ఉంది, దీనికేం ఉంది? ఈనాటికీ స్కిజోఫ్రీనియాను నిర్ధారించే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. లక్షణాలు, అవి ఎన్నాళ్లు ఉన్నాయి, బతుకును ఎంత దెబ్బతీశాయి, ఇదే లెక్క. కారణం దొరికితే వర్గమే మారిపోతుంది. ఒకప్పుడు పిచ్చాసుపత్రులను నింపిన జనరల్ పెరాలిసిస్ అనే జబ్బులో మెదడులో సిఫిలిస్ క్రిమి ఉన్నదని 1913లో తేలింది. దాంతో అది అంటువ్యాధుల లెక్కలోకి పోయింది.

లక్షణాల మీద ఆధారపడితే గీత ఎక్కడ గీయాలన్న తగాదా తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో వెలువరించిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ ఆరో కూర్పులో మొదటిసారి మానసిక రుగ్మతలకు ప్రత్యేక విభాగం వచ్చింది. దీన్నే ఐసీడీ అంటారు. అమెరికన్లు 1952లో డీఎస్ఎం పేరుతో తమ పట్టిక తాము రాసుకున్నారు. తర్వాత రెండు దేశాల మనోవైద్యులకు ఒకే రోగుల వీడియోలు చూపిస్తే, లండన్ వారి కంటే న్యూయార్క్ వారు స్కిజోఫ్రీనియా అని చాలా ఎక్కువగా తేల్చారు. రోగి అతడే, మారింది డాక్టరు! కొలబద్దలు బిగించిన తర్వాత కూడా తేడా పోలేదు. లక్షణాలు ఒక నెల ఉంటే చాలని ఐసీడీ అంటే, మొత్తం ఆరు నెలలు ఉండాలని 1980 నుంచి డీఎస్ఎం అంటోంది. మూడు నెలలుగా బాధపడుతున్న మనిషి ఒక పుస్తకం ప్రకారం స్కిజోఫ్రీనియా రోగి, రెండో పుస్తకం ప్రకారం కాదు.

ఈ కథలో మన వంతు ఢిల్లీకి సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరంలో, ఆగ్రాలో ఉంది. స్కిజోఫ్రీనియాను దేశదేశాల్లో ఒకే పద్ధతిలో గుర్తించగలమా అని 1960ల చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాల్లో పెద్ద అధ్యయనం చేపట్టింది. మొత్తం 1,202 మంది రోగులు. మన దేశపు కేంద్రం ఆగ్రా మానసిక వైద్యశాల. అక్కడ ఆ పనిని నడిపినవారు డాక్టర్ కె.సి. దూబే. ఒకే ప్రశ్నావళితో అడిగితే అన్ని చోట్లా రోగాన్ని గుర్తించవచ్చునని తేలింది. అది అనుకున్నదే. అనుకోనిది తర్వాత బయటపడింది. రెండేళ్లకు మళ్లీ చూసినప్పుడు ఆగ్రా, నైజీరియాలోని ఇబాదన్ రోగులు సంపన్న దేశాల రోగుల కంటే బాగా కోలుకుని కనిపించారు. కుటుంబాలు వదిలేయకపోవడం వల్లా, తొందరగా తగ్గే జబ్బులు ఈ లెక్కలో కలిసిపోవడం వల్లా అన్న వాదం ఇంకా తెగలేదు. నాకు మాత్రం ఏదో ఒక్కటే కారణమంటే నమ్మకం కుదరదు. ఏమైనా, రోగం పేరు చెప్పి భవిష్యత్తు చెప్పలేమన్నది ఖాయమైంది.

సరిగ్గా ఈ ఫలితాలు పోగవుతున్న రోజుల్లోనే, 1976లో, పార్లమెంటు హిందూ వివాహ చట్టాన్ని సవరించింది. విడాకులకు కారణమయ్యే 'మానసిక రుగ్మత' అంటే ఏమిటో వివరిస్తూ, స్కిజోఫ్రీనియా కూడా అందులో చేరుతుందని పేరు పెట్టి రాసింది. వైద్యులు వాదించుకుంటున్న మాట అలా చట్టంలో అచ్చయింది. అయితే అదే సెక్షన్‌లో ఒక షరతు కూడా ఉంది. ఆ రుగ్మత, కలిసి బతకడం సాధ్యం కాదనిపించేటంత తీవ్రమైనదై ఉండాలి. జనం మొదటి మాట గుర్తుపెట్టుకుని రెండోది మరిచిపోయారు. సుప్రీంకోర్టు మరవలేదు. పేరు ఒక్కటే చాలదని, తీవ్రత ఎంతో నిరూపించాలని 1988లో తీర్పు చెప్పింది. 2013 సెప్టెంబరులో ఒక తెలుగు దంపతుల కేసు అదే కోర్టుకు వచ్చింది. భార్యకు స్కిజోఫ్రీనియా ఉన్నదని భర్త విడాకులు కోరాడు. కింది కోర్టు ఇచ్చింది, హైకోర్టు కొట్టేసింది. ఆమె డాక్టరు, ఉద్యోగం చేసుకుంటున్నారు. విడాకులకు సరిపడేంత తీవ్రమైన రుగ్మత రుజువు కాలేదని సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే ఖాయం చేసింది.

1912 చట్టం స్థానంలో వచ్చిన 1987 చట్టంతో 'లూనటిక్' అనే మాట పోయింది. ఆ తర్వాతి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఐసీడీ తాజా కూర్పు వంటి ఆమోదిత ప్రమాణాల ప్రకారమే రోగనిర్ధారణ జరగాలంటుంది. అంతమాత్రాన ఆ మనిషికి మతి స్థిమితం లేదని అనుకోరాదని, ఆ మాట కోర్టు చెప్పాల్సిందేనని కూడా అంటుంది. వైకల్య ధృవపత్రం ఇచ్చేటప్పుడూ పేరు సరిపోదు. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడటం, ఉద్యోగం అనే నాలుగింటినీ కొలిచి శాతం వేస్తారు. అందుకే ఒకే పేరున్న ఇద్దరికి రెండు వేర్వేరు శాతాలు రావచ్చు. ఇక వివాహ చట్టంలో పెళ్లికి అడ్డుగా ఉన్న మూర్ఛవ్యాధిని 1999లో తీసేశారు. విడాకుల కారణాల్లోంచి కుష్ఠును 2019లో తీసేశారు. స్కిజోఫ్రీనియా అనే మాట అక్కడే ఉంది.

పెద్దావిడ కాగితం దగ్గరకు వద్దాం. 1990లో ఆమోదం పొందిన ఐసీడీ పదో కూర్పులో మానసిక రుగ్మతలన్నీ 'ఎఫ్' అక్షరం కింద ఉంటాయి. 20 అంటే స్కిజోఫ్రీనియా. చుక్క తర్వాతి సున్నా, అనుమానాలు ప్రధానంగా ఉండే పారనాయిడ్ రకం. 2022 నుంచి అమల్లోకి వచ్చిన పదకొండో కూర్పు ఈ రకాలనే ఎత్తేసింది. వాటివల్ల చికిత్సకు గానీ, ముందేమవుతుందో చెప్పడానికి గానీ పెద్దగా ఉపయోగం లేదని తేలింది మరి. పదో కూర్పులోనే చుక్క తర్వాత రెండో అంకె వేసే వీలు కూడా ఉంది. జబ్బు ఎడతెగకుండా సాగుతోందా, వచ్చి పోతోందా, పూర్తిగా తగ్గి ఉందా అన్నది ఆ అంకె చెబుతుంది. పూర్తిగా తగ్గితే అక్కడ 5 వేస్తారు.

ఇదంతా ఆమెకు కుర్చీలో కూర్చోబెట్టి చెప్పాను. అమ్మాయి మూడేళ్లుగా మందులు వాడుతోందని, స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతోందని ఆవిడ చెప్పారు. కాగితం మళ్లీ విప్పి చూశాను. చుక్క తర్వాత సున్నా ఒక్కటే ఉంది. రెండో అంకె ఎవరూ వేయలేదు. "ఈసారి డాక్టరు గారి దగ్గరకు వెళ్లినప్పుడు ఈ ఖాళీ గురించి అడగండమ్మా, అమ్మాయిని కూడా కూర్చోబెట్టుకుని అడగండి" అన్నాను. ఆవిడ నా పెన్ను తీసుకుని, సున్నా పక్కన ఒక ప్రశ్నార్థకం వేసుకుని, కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టారు.