నాయనమ్మ వయస్సు - రక్తాక్షి యుప్పెన

దేశచరిత్రరచనకు శాసనములు, తామ్రపత్రములు, మెకంజీదొర సేకరింపించిన కైఫియతులు ముఖ్యాధారములని పండితు లెల్లరు నెఱింగినదే. వీనిలో రాజులు, దాతలు, కరణములు కనఁబడుదురు. పల్లెలలో నూఱేండ్లకుఁ జేరువగా బ్రదికి రెండుమూఁడు తరముల బిడ్డలను బెంచిన ముసలమ్మలు మాత్రము కనఁబడరు. వారి చరిత్రము వారి నోటనే యున్నది. ఆ నోటిమాటకుఁ బ్రామాణ్య మెంత? దానిని బరీక్షించు మార్గ మేది? మా యింటి యుదాహరణ మొకటి కైకొని యీ ప్రశ్నను విచారించెదను. స్వకుటుంబవృత్తాంతమును బరిశోధనపత్రికకుఁ బంపుట యుచితమా యని కొంతకాలము సందేహించితిని. విషయము కాలనిర్ణయమునకు సంబంధించినది గావున సాహసించితిని.

మా గ్రామము బందరు ప్రాంతమున సముద్రమున కొక యామడ దూరమున నున్నది. మా యింటి సావడిలో మా నాయనమ్మ చిత్తరువు గలదు. దాని క్రింద "జీవితకాలము 104 సంవత్సరములు" అని వ్రాసియున్నది. ఆమె శోభకృత్సంవత్సరమున, అనఁగా 1963 లో, గతించినది. అప్పటికి నాకుఁ బదునేనేండ్లు గావున నాతేదికి నేనే సాక్షిని. ఈ లెక్కచొప్పున నామె 1859 లోఁ బుట్టియుండవలెను. అట్లు పుట్టినట్లు వ్రాఁత యేదియు లేదు. ఆఁడుపిల్లలకు జాతకము వ్రాయించుట మావారిలో నరుదు. జననమరణములు నమోదు చేయుటకు మద్రాసు రాజధానిలోఁ జట్టము పుట్టినదే 1899 లో. మఱి యీ 104 ఎక్కడిది?

1864 నవంబరు 1 వ తేది రాత్రి బందరుతీరమును ముంచిన యుప్పెన ప్రసిద్ధము. అది రక్తాక్షిసంవత్సరము. సముద్రపుటల 13 అడుగు లెత్తున వచ్చె ననియు, సుమారు 30,000 మంది మడిసి రనియు నాఁటి లెక్కలు. (అదే సంవత్సరము అక్టోబరు 5 వ తేదిని గలకత్తాను గూల్చిన తుపాను వేఱు, రెంటిని గలిపి చెప్పరాదు.) ఈ యుప్పెనను దాను జూచితి నని మా నాయనమ్మ చెప్పెడిది. నా బాల్యమున పలుమాఱులు విన్నదానిని ఆమె మాటలతోనే వ్రాయుచున్నాను. గ్రామ్యమని దిద్దినచో సాక్ష్యము చెడును.

"దీపావళెళ్లి మూడోనాడు. పొద్దుగూకినకాణ్ణించి గాలి. రాత్రి నీళ్లొచ్చినై. పెద్దదాన్ని వీపుకు కట్టుకున్నా. చిన్నది చంకనుంది. తాటిచెట్టు పట్టుకున్నా. నీళ్లు మెడదాకా వచ్చినై. చంకలోది జారిపోయింది."

ఇంతే. ఎన్నిమాఱులు చెప్పినను నింతే. ఒక్క మాట పెరుగదు, తఱుగదు. పిమ్మట దీపావళి కడచిన మూఁడవనాఁటి సాయంకాలము కాలువగట్టున నొక ప్రమిద వెలిగించి వచ్చెడిది. జాఱిపోయిన శిశువున కని చెప్పెడిది. ఏ ధర్మశాస్త్రమునను విధింపఁబడని యీ కర్మను ఆమె యేఁటేఁట విడువక జరిపినది. ఆ శిశువు పేరే మా పెద్దమేనత్తకుఁ బెట్టినది.

1977 నవంబరు 19 వ తేదిని దివిసీమ యుప్పెన వచ్చి వేలకొలఁది జనము నశించినప్పుడు మా యింటివా రందఱును నాయనమ్మ కథను దలఁచికొనిరి. అప్పుడే వయస్సు గణించిరి. రక్తాక్షి యుప్పెనను జూచినది గావున 1864 నాఁటికిఁ బుట్టియుండవలెను. వీపునఁ గట్టఁబడిన పెద్దపిల్లకు అయిదేండ్లు. ఆ పిల్ల తానే యై యుండును. కథ చెప్పునపుడు ముసలితనమునఁ దాఱుమాఱుగాఁ జెప్పినది. ఇట్లు 1859, ఇట్లు 104. చిత్తరువు క్రింది వ్రాఁత యప్పటిది.

ఈ గణనము నిలువదు. మా పెదతండ్రిగారి జాతకము శుభకృత్తు, 1902; మా తండ్రిగారిది ప్రమాదీచ, 1913. వీరిలో మా తండ్రిగారు కడగొట్టువారు. 1859 లోఁ బుట్టిన స్త్రీ 1913 లో, ఏఁబదినాల్గవయేఁట, బిడ్డను గనె ననుట నమ్మఁదగినది కాదు. మఱియు నాయనమ్మ తన జన్మసంవత్సరమును దానే చెప్పియున్నది: "యువలో పుట్టా. మరుసటేడే ధాత కరువు." షష్టిసంవత్సరచక్రమునఁ బేరు మరల మరల వచ్చును గావునఁ బల్లెవారి సంవత్సరములకు సందేహము సహజము. నందన కఱవన్నచో 1832 నాఁటి గుంటూరు క్షామమా, 1892 నాఁటి మాటయా యని యడుగవలసి వచ్చును. ఇచ్చట నట్టి చిక్కు లేదు. యువ 1815 కాఁజాలదు. 1935 అంతకన్నఁ గాఁజాలదు. 1875 మాత్రమే మిగులును. ధాతేశ్వరముల మహాక్షామము 1876 లో మొదలైనది గావున "మరుసటేడే" యన్నమాట యక్షరాల సరిపోవుచున్నది. మావారు యువ యన్నదానిని ముసలిదాని పొరపాటుగా నెంచి, ఉప్పెనమాటనే పట్టుకొనిరి. కావున నామె యెనుబదియెనిమిదేండ్లు జీవించినది. 1859 లోఁ బుట్టినది ఆమె తల్లి. తాటిచెట్టుపట్టున వీపునఁ గట్టఁబడిన పిల్ల యామెయే. ఆమె పదునాఱవయేఁట నాయనమ్మను గని, ఈశ్వరలో జ్వరమునఁ బోయినది. రెండేండ్ల పిల్లను బెంచినది అమ్మమ్మ. చంకలోని బిడ్డ జాఱిపోయిన దీ యమ్మమ్మకు.

ఇఁక ముఖ్యవిషయము. నాయనమ్మ కల్లలాడినదా? ధాత కఱవునాఁటికి ఆమె పుట్టియున్నది. కాని కఱవునుగూర్చి చెప్పునపుడు "మా అమ్మమ్మ చెప్పేది" అనియే యారంభించెడిది. కృష్ణానది యానకట్ట 1855 నాఁటికే కట్టియుండుటచేఁ గాలువనీరు గల మాగాణి పూర్తిగాఁ జెడలేదనియు, మెట్టసీమలనుండి వచ్చినవారు మా యరుగులమీఁదఁ దలదాఁచుకొనిరనియు నట్లు విన్నదే. తాను బ్రదికియున్న కాలపు సంగతికి "చెప్పేది". తాను పుట్టకమునుపటి సంగతికి "నేను". ఇది తొలుత నాకు విపరీతముగాఁ దోఁచినది. విచారింపఁగాఁ గారణ మిదియని తలఁచెదను. కఱవుమాట పదిమంది యాఁడువారు కూర్చుండి చెప్పుకొన్న మాట. ఉప్పెనకథ తల్లిలేని పిల్లకు రాత్రివేళ నొడిలోఁ బెట్టుకొని యమ్మమ్మ యుత్తమపురుషములోఁ జెప్పిన కథ. ఆ పిల్ల దానిని విన్నది విన్నట్లు వల్లించినది. గురుముఖమున నేర్చిన పాఠమున శిష్యుఁడు క్రియాపురుషమును మార్చునా? అట్లే యీమెయు మార్చలేదు. అయిదేండ్ల పిల్ల చంక బిడ్డ యెట్లుండు నను శంక మాకు బాల్యమునఁ దోఁపలేదు. వయస్సు గణించిన పెద్దలకుఁ దోఁచియు, వక్తను దిద్దిరి గాని గణనమును దిద్దికొనరైరి.

పాఠము చెడలేదనుటకు మఱియొక ప్రమాణము గలదు. "దీపావళెళ్లి మూడోనాడు" అని గదా యామె మాట. గణించి చూడఁగా 1864 లో ఆశ్వయుజామావాస్య అక్టోబరు 30 వ తేదిని వచ్చుచున్నది. నవంబరు 1 దానికి మూఁడవ దినము. దొరతనమువారి తేదిని మా నాయనమ్మ యెఱుఁగదు. ఆమెకు నక్షరములే రావు. 1977 నాఁటి యుప్పెన దీపావళి కడచి వారము దాఁటిన పిమ్మట వచ్చినది గావున, అందుండి యీ మాట కథలోఁ జొచ్చె ననుటకును వీలులేదు. పైఁగా నేను విన్నది 1963 కు ముందే. తొంబదియేండ్ల పర్యంతము రెండు నోళ్ల నిలిచిన తిథి యొక్క దినమైనను దప్పలేదు. వ్రాఁతప్రతులలోఁ దిథివారములు పొసఁగనివి యెన్నియో చూచిన మనకు ఇది యల్పము గాదు. ఆ ప్రమిద యేఁటేఁటఁ దిథిని గాపాడినదని నా యభిప్రాయము.

ఆమె తక్కిన జీవితమునుగూర్చి చెప్పవలసినది కొలఁదియే. కాళయుక్తిలో, 1918 నాఁటి యిన్‌ఫ్లుయెంజా జ్వరమున, మా తాతగారు పోయిరి. మూఁడెకరముల మాగాణి, పదునాఱేండ్ల పెద్దకుమారుఁడు, అయిదేండ్ల చిన్నవాఁడు, నడుమఁ బిల్లలు. వచ్చిన ధాన్యము, ఇచ్చిన ధాన్యము గోడమీఁద సున్నపుగీఱలతో లెక్క పెట్టెడిది. కుమారులు చదువు నేర్చి పుస్తకము పెట్టిన పిమ్మటను గీఱలు మానలేదు. రెండు లెక్కలు సరిపోనప్పుడు పుస్తకమే తప్పినదని మా తండ్రిగారు చెప్పెడివారు. ఇది పుత్రవాత్సల్యపు మాటయుఁ గావచ్చును. పొలము తరుగనీయలేదనుట మాత్రము దస్తావేజులవలనఁ దెలియుచున్నది.

ఇట్టి కథాసంక్రమణము పూర్వకాలపు ముసలమ్మలకే చెల్లునని తలఁపవలదు. 1977 లో నేను ఉద్యోగరీత్యా హైదరాబాదున నుంటిని; దివిసీమను బదిదినముల పిమ్మటఁ జూచితిని. నా మనుమఁడు తన తోడివారితో "మా తాత ఉప్పెనలో ఈదాడు" అని చెప్పుచుండఁగా నేనే వింటిని. నాకు ఈఁత రాదు.

పై విచారణము ముగించి, చిత్తరువు క్రింది సంఖ్యను దిద్దింపవలె నని మా పెదతండ్రిగారి కుమారునితోఁ జెప్పితిని. ఆయన సమ్మతింపలేదు. "అన్నా, లెక్క తప్పు గదా" యంటిని. "లెక్క నీ పుస్తకంలో వ్రాసుకో" అనెను. అట్లే వంశావళిపుస్తకమున నాయనమ్మకు యువ 1875 - శోభకృత్తు 1963 అనియు, ఆమె తల్లికి 1859 - 1877 అనియు వ్రాసితిని. ఆపై నొక గీఱ గీచి యమ్మమ్మ స్థానము నిలిపితిని. జాఱిపోయిన శిశువు పేరు మా మేనత్త పేరుగా మా కందఱకుఁ దెలియును. అమ్మమ్మ పేరు మా యింట నెవ్వరికిని దెలియదు.