తెలుగు రాష్ట్రాల్లో పిల్లల హత్య కేసులు: తేలని నిజాలు, వివాదాస్పద తీర్పులు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గత రెండు దశాబ్దాల్లో జరిగిన పిల్లల హత్యల్లో కొన్నింటికి హంతకుడెవరో ఇంతవరకూ తేలలేదు. ఒక కేసులో శిక్ష పడి ఏళ్ల తరబడి జైల్లో మగ్గిన మనిషిని హైకోర్టు నిర్దోషి అంది. ఇంకో కేసులో విచారణ మొదలు కాకముందే నిందితుడు చనిపోయాడు. మరో కేసులో రెండు నెలలు తిరక్కుండానే ఉరిశిక్ష పడింది, ఆ తర్వాత అది యావజ్జీవంగా మారింది. ఈ కేసులన్నింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది: తీర్పు తప్పడానికైనా, ఆలస్యం కావడానికైనా కారణం ఎక్కువగా కోర్టు హాల్లో పుట్టలేదు. ఫిర్యాదు అందిన తొలి గంటల్లో, శవం దొరికిన తొలి రోజుల్లో, ‘ఎవరినో ఒకరిని పట్టుకోండి’ అన్న ఒత్తిడి పెరిగిన వారాల్లో పుట్టింది.

లైంగిక నేరాలకు బలైన పిల్లల పేర్లు, వాళ్ల ఆనవాళ్లు ప్రచురించడాన్ని 2012 నాటి పోక్సో చట్టంలోని 23వ సెక్షన్ నిషేధిస్తుంది. అందువల్ల ఇక్కడ చాలా కేసుల్ని ఊరి పేరుతోనే ప్రస్తావించాం.

ఇబ్రహీంపట్నం హాస్టల్ హత్య

జనం ఆయేషా మీరా కేసుగా పిలిచే ఈ ఉదంతం తెలుగు నేర న్యాయ చరిత్రలోనే పెద్ద గాయం. గుంటూరు జిల్లా తెనాలికి చెందిన, ఇరవై ఏళ్లు నిండని ఫార్మసీ విద్యార్థిని విజయవాడ శివారు ఇబ్రహీంపట్నంలో ప్రైవేటు లేడీస్ హాస్టల్లో ఉండి చదువుకునేది. 2007 డిసెంబరు 27 తెల్లవారేసరికి ఆమె అదే హాస్టల్ స్నానాలగదిలో శవమై కనిపించింది. అత్యాచారం చేసి చంపారని తేలింది. శవం దగ్గర ఒక ఉత్తరం కూడా దొరికింది. చుట్టూ గదుల నిండా అమ్మాయిలు నిద్రపోతున్న భవనంలో అంత ఘోరం ఎవరికీ తెలియకుండా ఎలా జరిగిందన్నది ఆ రోజు పుట్టిన ప్రశ్న. ఇంతవరకూ దానికి నమ్మదగిన జవాబు రాలేదు.

పోలీసులు మొదట కొందరిని అనుమానితులుగా పట్టుకుని వదిలేశారు. రాజకీయ పలుకుబడి ఉన్న కుటుంబాలవాళ్లను కాపాడుతున్నారని ఆమె తల్లిదండ్రులు బహిరంగంగా ఆరోపించారు. ఊళ్లలో ధర్నాలు జరిగాయి, అసెంబ్లీలో గొడవ జరిగింది. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామ దగ్గరి అనాసాగరానికి చెందిన సత్యంబాబు అనే పేద దళిత యువకుణ్ణి అరెస్టు చేసి, హంతకుడు ఇతనేనని ప్రకటించారు. కస్టడీలో ఉండగానే అతనికి గిలన్ బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు చేసి కాళ్లూ చేతులూ పడిపోయాయి. హైదరాబాద్ నిమ్స్‌లో చికిత్స చేయించాల్సి వచ్చింది.

2010 సెప్టెంబరు 29న విజయవాడ మహిళా ప్రత్యేక సెషన్స్ కోర్టు అతన్ని దోషిగా తేల్చి జైలుశిక్ష వేసింది. మామూలుగా ఇలాంటి తీర్పు వచ్చిన రోజు బాధిత కుటుంబం కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. ఇక్కడ అలా జరగలేదు. మా బిడ్డను చంపింది ఇతను కాదని ఆ అమ్మాయి కన్నవాళ్లే చెప్పారు. ముద్దాయి తరఫు కుటుంబమూ బాధితురాలి కుటుంబమూ ఒకే మాట మీద నిలబడటం అరుదు. ఆ మాటను వ్యవస్థ సీరియస్‌గా తీసుకోవడానికి ఇంకో ఆరున్నరేళ్లు పట్టింది.

2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు ధర్మాసనం సత్యంబాబును నిర్దోషిగా ప్రకటించింది. ప్రాసిక్యూషన్ నేరాన్ని రుజువు చేయలేకపోయిందని, దర్యాప్తు తీరు సరిగా లేదని తప్పుపట్టింది. అతనికి లక్ష రూపాయలు చెల్లించాలని కూడా ఆదేశించింది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి బయటికి వచ్చిన ఆ మనిషికి లక్ష రూపాయలు ఏ లెక్కన పరిహారం అవుతాయో చెప్పే చట్టం మన దేశంలో లేదు. తప్పుడు కేసుల్లో జైలుపాలైన వాళ్లకు నష్టపరిహారం ఇచ్చే విధానం చట్టంలో ఉండాలని లా కమిషన్ తన 277వ నివేదికలో 2018లో సిఫారసు చేసింది. ఆ సిఫారసు చట్టం కాలేదు.

నిర్దోషి తీర్పుతో అసలు ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది. అతను కాకపోతే ఎవరు? పునర్దర్యాప్తుకు ప్రత్యేక బృందం వేశారు. ఆ బృందం విజయవాడ వెళ్లి చూస్తే, కేసులో స్వాధీనం చేసుకున్న వస్తు సాక్ష్యాలను కోర్టు సిబ్బంది ధ్వంసం చేసేశారని తేలింది. మామూలుగా అప్పీళ్లన్నీ ముగిశాకే ఇలాంటి వస్తువుల్ని పారేయాలి. హత్య కేసులో రక్తపు మరక ఉన్న గుడ్డ ముక్క, తల వెంట్రుక, వేలిముద్ర, నేరస్థలంలో దొరికిన కాగితం లాంటివే తర్వాతి తరం పరీక్షలకు ఆధారం. పదేళ్ల తర్వాత మెరుగైన డీఎన్‌ఏ పరిజ్ఞానం వచ్చినా, పరీక్షించడానికి చేతిలో వస్తువు ఉండాలి కదా. 2018 నవంబరులో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. సీబీఐ హత్య మీద ఒక కేసు, సాక్ష్యాల ధ్వంసం మీద ఇంకో కేసు పెట్టింది.

వస్తువులు లేకపోవడంతో దర్యాప్తు చివరికి సమాధి దాకా వెళ్లింది. 2019 డిసెంబరు 14న తెనాలి చెంచుపేటలోని శ్మశానంలో, పన్నెండేళ్ల క్రితం పూడ్చిన అస్థికల్ని తవ్వి తీశారు. ఫోరెన్సిక్ నిపుణులు వాటిని పరీక్షించి నమూనాలు తీసుకెళ్లారు. బిడ్డను రెండోసారి మట్టిలోంచి తీయడానికి ఆ తల్లిదండ్రులు ఒప్పుకున్నది ఒక్క ఆశతోనే. తర్వాత కొన్నేళ్లపాటు ఆ అవశేషాలను తిరిగి అప్పగించాలని కూడా వాళ్లు కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది. 2025లో సీబీఐ దర్యాప్తు ముగించి నివేదికను కోర్టుకు సమర్పించింది.

నిఠారీ, నోయిడా: ఉత్తరాది పోలికలు

2017లోనే, అక్టోబరు 12న, నోయిడా బాలిక ఆరుషి హత్య కేసులో యావజ్జీవం పడిన ఆమె తల్లిదండ్రులను అలహాబాద్ హైకోర్టు నిర్దోషులుగా విడుదల చేసింది. ఆ కేసులోనూ నేరస్థలాన్ని తొలిరోజు కాపాడలేకపోయారు. ఇంకా పెద్ద ఉదాహరణ అదే నోయిడాలోని నిఠారీ. 2006 డిసెంబరులో ఒక బంగళా వెనక మురుగు కాలువలో పిల్లల ఎముకలు బయటపడ్డాయి. ఆ ఇంటి పనివాడు సురేంద్ర కోలీకి ఒకదాని వెంట ఒకటి ఉరిశిక్షలు పడ్డాయి. 2023 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు 12 కేసుల్లో అతన్ని నిర్దోషి అంది. మిగిలిన చివరి కేసులో 2025 నవంబరు 11న సుప్రీంకోర్టు విడుదల చేసింది. పందొమ్మిదేళ్ల తర్వాత, అంతమంది పిల్లల్ని చంపిందెవరో చట్టం దృష్టిలో తెలియదు.

వీటన్నింటి వెనక ఒక చట్ట సూత్రం ఉంది. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. 27వ సెక్షన్ మాత్రం ఒక మినహాయింపు ఇస్తుంది: నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ మాటలో దానికి సంబంధించినంత వరకు సాక్ష్యంగా తీసుకోవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో ఈ రెండూ కలిసి 23వ సెక్షన్‌లో ఉన్నాయి. ఆధారాలు చాలని కేసుల్లో దర్యాప్తు అంతా ఈ మినహాయింపు మీదే వాలుతుంది. ‘నిందితుడు చూపించిన చోట దొరికింది’ అని పంచనామాలో ఒక వాక్యం చేరుతుంది. ఆ వాక్యం పై కోర్టులో నిలవకపోతే కేసు మొత్తం కూలుతుంది. నిఠారీలో జరిగింది అదే.

హాజీపూర్: మిస్సింగ్ కేసుగా మిగిలిన నాలుగేళ్లు

యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలంలో హాజీపూర్ చిన్న ఊరు. 2019 ఏప్రిల్ చివర్లో బడి నుంచి ఇంటికి బయల్దేరిన 14 ఏళ్ల బాలిక చేరలేదు. వెతకగా ఊరి దగ్గరి పాడుబడ్డ బావిలో శవం దొరికింది. అదే ఊరివాడు, బైక్ మీద దింపుతానని ఎక్కించుకుపోయి చంపాడని పోలీసులు తేల్చారు. ఆ దర్యాప్తు సాగుతుండగానే మరో ఇద్దరు అమ్మాయిల అవశేషాలు బయటపడ్డాయి. వాళ్లలో ఒకరు 2015లో కనిపించకుండా పోయిన 11 ఏళ్ల పిల్ల.

2013 మే 10న సుప్రీంకోర్టు ‘బచ్‌పన్ బచావో ఆందోళన్’ కేసులో స్పష్టంగా చెప్పింది: పిల్లలు కనపడటం లేదని ఫిర్యాదు వస్తే అపహరణగానో అక్రమ రవాణాగానో భావించి వెంటనే ఎఫ్‌ఐఆర్ కట్టాలి. హాజీపూర్ పిల్ల తప్పిపోయింది ఆ తీర్పు వచ్చిన రెండేళ్లకు. ఆమె ఏమైందో తేలింది ఇంకో నాలుగేళ్లకు, అదీ మరో పిల్ల చనిపోయాక. ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుంది, వస్తుందిలే అన్న మాట ఠాణాల్లో ఎన్ని కుటుంబాలు విన్నాయో లెక్క లేదు. 2015లోనే ఆ బావుల్లోకి దిగి వెతికి ఉంటే మిగిలిన ఇద్దరు బతికి ఉండేవాళ్లన్న ఆలోచన ఆ ఊరిని వదలదు.

ఈ కేసులో 2020 ఫిబ్రవరి 6న నల్గొండ పోక్సో ప్రత్యేక కోర్టు నిందితుడికి ఉరిశిక్ష విధించింది. సాక్ష్యాలు ఎక్కువగా పరిస్థితులను బట్టి కూర్చినవి. కిందికోర్టు ఉరిశిక్ష వేసిన ప్రతి కేసులోనూ హైకోర్టు దాన్ని ధ్రువీకరిస్తేనే అమలు చేయాలన్నది చట్టం.

తొందర తీర్పులు, ఆలస్యపు తీర్పులు

2019 జూన్‌లో హన్మకొండలో డాబా మీద తల్లి పక్కన నిద్రపోతున్న తొమ్మిది నెలల పసికందును ఎత్తుకుపోయి చంపిన కేసులో వరంగల్ కోర్టు ఆగస్టు 8నే ఉరిశిక్ష విధించింది. రాష్ట్రమంతా హర్షించింది. అదే ఏడాది నవంబరులో హైకోర్టు దాన్ని చివరి శ్వాస వరకు జైలుగా మార్చింది. అప్పుడు అదే జనం మండిపడ్డారు. నిజానికి హైకోర్టు నేరాన్ని కాదనలేదు, దోషి దోషిగానే ఉన్నాడు. మారింది శిక్ష ఒక్కటే. సాక్షులు సిద్ధంగా ఉండి, ఫోరెన్సిక్ నివేదిక సకాలంలో అందితే విచారణ వేగంగా నడుస్తుందని ఈ కేసు చూపించింది. వేగం ఒక్కటే తీర్పును నిలబెట్టదు గానీ, ఇక్కడ దర్యాప్తు గట్టిగా ఉంది కాబట్టే దోష నిర్ధారణ పై కోర్టులోనూ నిలిచింది.

దీనికి పూర్తి వ్యతిరేకం విజయవాడ నాగవైష్ణవి కేసు. 2010 జనవరి 30న బడికి వెళ్తున్న పదేళ్ల పాపను కిడ్నాప్ చేసి చంపి, గుంటూరు ఆటోనగర్‌లోని కొలిమిలో శవాన్ని కాల్చేశారు. కూతురి వార్త విన్న తండ్రి గుండె ఆగి చనిపోయాడు. నిందితులు త్వరగానే దొరికారు. అయినా ముగ్గురికి యావజ్జీవ శిక్ష పడింది 2018 జూన్ 14న.

కర్నూలులో 2017 ఆగస్టులో ప్రైవేటు బడి హాస్టల్లో గిరిజన బాలిక మృతి సంగతి ఇంకా తేలలేదు. ఆత్మహత్య అన్నారు, అత్యాచారం చేసి చంపారని తల్లిదండ్రులు ఆరోపించారు. సీబీఐకి ఇస్తామన్న మాట 2020లో ఒక ప్రభుత్వం, 2025లో ఇంకో ప్రభుత్వం చెప్పాయి.

తీర్పు దాకా రాని కేసులు

హైదరాబాద్ సైదాబాద్ సింగరేణి కాలనీలో 2021 సెప్టెంబరు 9న ఆరేళ్ల పాప హత్య జరిగింది. పరారైన పక్కింటివాడి కోసం పోలీసులు 10 లక్షల రివార్డు ప్రకటించారు. దొరికితే ఎన్‌కౌంటర్ చేస్తామని ఒక మంత్రి విలేకరుల ముందే అన్నారు. 16వ తేదీన స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రైలు పట్టాల మీద అతని శవం దొరికింది. ఆ మరణం మీద హైకోర్టు జ్యుడీషియల్ విచారణకు ఆదేశించింది. పాప హత్య మీద మాత్రం కోర్టులో ఒక్క సాక్షినీ విచారించే అవకాశం లేకుండా పోయింది.

అంతకు రెండేళ్ల ముందు, రంగారెడ్డి జిల్లాలో షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో 2019 డిసెంబరు 6న ‘దిశ’ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అక్కడ హతురాలు యువ పశువైద్యురాలు, చిన్నపిల్ల కాదు. కానీ సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో బయటికి వచ్చిన నివేదికలో, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. పోలీసుల కథనం నమ్మశక్యంగా లేదని, పదిమంది పోలీసులపై హత్య విచారణ జరగాలని సిఫారసు చేసింది. ఆ నిందితుల తరఫున వాదించబోమని షాద్‌నగర్ న్యాయవాదులు తీర్మానించారు. ఇలాంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లోనే ఒక తమిళనాడు కేసులో చెప్పింది.

చట్టంలో మార్పులు

2019లో పోక్సో చట్టాన్ని సవరించి తీవ్ర లైంగిక దాడికి మరణశిక్ష చేర్చారు. ప్రభుత్వాలు ఎక్కువగా చెప్పుకునేది దీని గురించే. ఇబ్రహీంపట్నం లాంటి కేసులకు అవసరమైన మార్పు మాత్రం వేరే చోట ఉంది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 176(3) సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించిన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, ఆ పనిని వీడియో తీయించాలి. అమలు తేదీని ఐదేళ్లలోపు ప్రకటించుకునే వెసులుబాటును రాష్ట్రాలకు ఇచ్చారు. నిపుణులు, ల్యాబుల సామర్థ్యం ఆ గడువులోపు జిల్లా స్థాయిలో సమకూరాలి. కోర్టుల్లో వస్తు సాక్ష్యాలను భద్రపరిచే గదుల సంగతి మాత్రం ఈ సెక్షన్‌లో లేదు.