జీపు ముందరి సస్పెన్షన్: కమాను కట్టల నుండి కాయిల్ స్ప్రింగుల వరకు

నాందేడు జిల్లాలో దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు తాలూకాల రేగడి నేలలకు, కిన్వట్, మాహూరుల కొండబాటలకు తగిన వాహనంగా జీపు తరతరాలుగా పేరు పొందింది. వానాకాలంలో వాగు దాటి పంట చేరవేయడానికైనా, గర్భిణిని తాలూకా ఆసుపత్రికి తీసుకుపోవడానికైనా, పెళ్ళివారిని సరిహద్దు దాటించడానికైనా ఈ ప్రాంతపు పల్లెలు దానినే నమ్ముకున్నాయి. మరాఠ్వాడాలో కాళీ పివళీ అని పిలిచే నలుపు, పసుపు రంగుల సర్వీసు జీపులను ఎరుగని కుటుంబం ఇక్కడ లేదు. పాత జీపును కొని, ఎత్తు పెంచి, పెద్ద చక్రాలు వేయించి, ముందరి సస్పెన్షన్‌ను స్వంతంగా కట్టించుకోవాలనే కోరిక యువకులలో కనిపిస్తున్నది. ఆ పనిలో ఏమేమి ఇమిడి ఉన్నవో, ఎక్కడ ప్రాణాపాయం పొంచి ఉన్నదో, చట్టం ఏమంటున్నదో తెలిపే ప్రయత్నం ఈ వ్యాసం.

ఎడ్లబండికి సస్పెన్షన్ లేదు. ఇరుసు మీదనే బండి చట్రం కూర్చుంటుంది; రాయి ఎక్కితే ఆ దెబ్బ నేరుగా కూర్చున్నవారి నడుముకు తగులుతుంది. జీపులో ఇరుసుకూ ఛాసిస్‌కూ నడుమ ఉక్కు పట్టీల కట్ట ఉంటుంది. దానిని తెలుగు మిస్త్రీలు కమాను కట్ట అంటారు, మరాఠీ మిస్త్రీలు పాటా అంటారు. పట్టీలన్నీ సెంటర్ బోల్టుతో కూర్చబడి, యూ బోల్టులతో ఇరుసుకు బిగించబడతాయి. కట్ట ఒక కొన ఛాసిస్‌కు స్థిరంగా, రెండవ కొన షాకిల్ అనే ఊగే లంకె ద్వారా తగిలించబడుతుంది. కమాను వంగినప్పుడు దాని పొడవు మారుతుంది కనుక ఒక కొనకు ఈ కదలిక తప్పనిసరి. షాక్ అబ్జార్బరు బరువు మోయదు. ఊగుతున్న కమానును త్వరగా నిలుపుతుంది, అంతే. బండి దిగబడినదని షాకులు మార్పించేవారు చాలామంది ఉన్నారు గాని, అది కట్టకు చేయవలసిన వైద్యం.

ఈ నిర్మాణం రెండవ ప్రపంచయుద్ధ కాలపు విల్లీస్ జీపుతో మన దేశానికి వచ్చింది. 1941 నుండి 1945 వరకు విల్లీస్, ఫోర్డు కర్మాగారాలు ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. 1945లో స్థాపితమైన మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల కూర్పునకు పూనుకొన్నది. తరువాతి కాలపు సి.జె. 3బి, ప్యూజో డీజిలు ఇంజనుతో వచ్చిన ఎం.ఎం. 540 మొదలైనవన్నీ ముందర గట్టి ఇరుసు, దానికి కమాను కట్టలు గల వాహనాలే. 2010లో వచ్చిన థార్ డీజిలు మోడళ్ళలో డి.ఐ. రకానికి ముందర కమానులు ఉండగా, సి.ఆర్.డి.ఇ. రకానికి టార్షన్ బారుతో స్వతంత్ర సస్పెన్షన్ అమర్చారు. 2020 నాటి కొత్త థార్‌లో ముందర డబుల్ విష్‌బోన్, కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. అయితే గట్టి ఇరుసు కాలం చెల్లినదని అనుకోరాదు. 2023లో మారుతి విడుదల చేసిన జిమ్నీకి ముందూ వెనుకా గట్టి ఇరుసులే ఉన్నాయి, కమానులకు బదులు కాయిల్ స్ప్రింగులతో. ఒక చక్రం రాయి ఎక్కితే గట్టి ఇరుసు రెండవ చక్రాన్ని నేలకు నొక్కుతుంది. రాళ్ళబాటలో ఆ గుణానికి విలువ ఎక్కువ.

కమాను లెక్క

పట్టీ గట్టితనం దాని వెడల్పును బట్టి, పట్టీల సంఖ్యను బట్టి నేరుగా పెరుగుతుంది. మందాన్ని బట్టి మాత్రం ఘనంగా పెరుగుతుంది. ఎనిమిదవ తరగతి పిల్లలు కూడా చేయగల లెక్క ఇది: 6 మిల్లీమీటర్ల పట్టీకి బదులు అంతే పొడవు, వెడల్పు గల 7 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే గట్టితనం ఏడు బై ఆరు ఘనము, అనగా దాదాపు 1.6 రెట్లు అవుతుంది. ఒక్క మిల్లీమీటరే గదా అని వేసిన పట్టీ బండిని రాతిబండగా మారుస్తుంది. పొడవు దీనికి విరుద్ధం. విల్లీస్ ముందరి కమాను పొడవు సుమారు 36 అంగుళాలు. దానిని 42 అంగుళాలు చేయగలిగితే గట్టితనం అదే నిష్పత్తిలో, అనగా 1.6 వంతులు తగ్గుతుంది. ఆరుబయలు పందేలకు బండ్లు కట్టే నిపుణులు పొడవైన పలుచని పట్టీలను కోరడం ఇందుకే. మన షెడ్లలో మాత్రం ‘ఇంకో పట్టీ వెయ్యి’ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. అదనపు పట్టీతో బండి లేస్తుంది, నిజమే. కాని ఖాళీ జీపులో గుంత దాటినప్పుడు చక్రం నేలను విడిచి ఎగురుతుంది. ఎగిరిన చక్రానికి బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు.

పట్టీల ఉక్కు సిలికాన్, మాంగనీసు కలిసిన ప్రత్యేకమైన ఉక్కు. దానిని ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మరల తక్కువ వేడిలో పదును పెడతారు. ఆ పదును వల్లనే అది వంగి తిరిగి లేస్తుంది. అందుచేత కమాను పట్టీకి గ్యాసు మంట చూపరాదు, వెల్డింగు పెట్టరాదు. విరిగిన పట్టీని అతికించి వేస్తే అది అతుకు ప్రక్కనే మరల విరుగుతుంది. పాత లారీ కమాను పట్టీ దొరికితే కమ్మరి సంతోషంగా కొడవలి, గొడ్డలి చేస్తాడు. మంచి ఉక్కు గనుక అది దానికి తగును. అదే పట్టీని కోసి, వంచి, జీపు ముందర వేయడం తగదు. జీపు బరువెంత, లారీ బరువెంత!

షాకిల్ ఏ కొనకు ఉన్నదన్నదీ ముఖ్యమే. పాత జీపులలో ముందరి కమాను షాకిల్ ముందువైపు ఉంటుంది. చక్రం రాయిని తాకి పైకి లేచేటప్పుడు ఇరుసు కొద్దిగా ముందుకు, అనగా రాయి వైపుకే జరుగుతుంది; కుదుపు ఎక్కువగా తెలుస్తుంది. షాకిల్‌ను వెనుకకు మార్చితే ఇరుసు వెనుకకు తగ్గి దెబ్బను సుతారంగా తీసుకొంటుంది. కాని బ్రేకు వేసినప్పుడు బండి ముక్కు ఎక్కువగా వంగుతుంది, ముందరి ప్రొపెల్లరు షాఫ్టుకు మరింత జారుడు అవసరమవుతుంది. ఒకటి పొందితే ఒకటి పోతుంది.

ఎత్తు పెంచే పని

పాత జీపులలో కమాను కట్ట ఇరుసు క్రింద ఉంటుంది. దానిని ఇరుసు పైకి మార్చడమే ఎత్తు పెంచే పద్ధతులలో ఎక్కువగా చేసేది. ఇరుసు గొట్టం మందం, కట్ట మందం కలిసి బండి సుమారు 5 అంగుళాలు లేస్తుంది. చూడటానికి ఠీవిగా ఉంటుంది. కాని ఈ ఒక్క మార్పు ఐదారు ఇతర మార్పులను వెంట తెస్తుంది, అవి చేయకుండా రోడ్డెక్కిన బండ్లే ప్రమాదాలకు గురి అవుతాయి.

మొదటిది కాస్టరు. చక్రం తిరిగే కింగ్‌పిన్ పై కొన కొంచెం వెనుకకు వాలి ఉండాలి. విల్లీస్ జీపులో ఈ వాలు 3 డిగ్రీలు. మలుపు తరువాత స్టీరింగు తనంత తాను నిటారుకు రావడానికి కారణం ఇదే. ఇరుసుపై కమాను కూర్చునే కొత్త దిమ్మెలను వెల్డింగు చేసేటప్పుడు ఈ కోణం తప్పితే బండి దారి పట్టదు. పైగా షాఫ్టు కోణం సరిచేయడానికి ఇరుసును త్రిప్పితే కాస్టరు తగ్గుతుంది. రెండింటి నడుమ రాజీ కుదుర్చుకోవడం అనుభవజ్ఞుడి పని. కాస్టరు తగ్గి, కింగ్‌పిన్ బేరింగులు, టై రాడ్ కొనలు అరిగి ఉంటే ఒక్కొక్కసారి 60, 70 కిలోమీటర్ల వేగంలో ముందరి చక్రాలు రెండూ వణకడం ప్రారంభిస్తాయి. స్టీరింగు చేతిలో నిలువదు. ఆ స్థితిలో గట్టిగా బ్రేకు తొక్కకుండా, స్టీరింగును నిటారుగా పట్టుకొని, మెల్లగా వేగం తగ్గించడమే మార్గం.

రెండవది డ్రాగ్ లింకు. అది దాదాపు సమతలంగా ఉన్నంత వరకు ఇరుసు పైకి క్రిందికి ఆడినా స్టీరింగుపై ప్రభావం తక్కువ. బండి లేచి లింకు ఏటవాలైతే ప్రతి గుంతకూ చక్రం తనంతట తాను తిరుగుతుంది. బ్రేకు గొట్టం మాట మరీ ముఖ్యం. చక్రం పూర్తిగా వ్రేలాడినప్పుడు పాత రబ్బరు గొట్టం సాగి తెగవచ్చు. జాకీపై బండిని లేపి, చక్రం పూర్తిగా దింపి, స్టీరింగును రెండు వైపులా త్రిప్పి చూడకుండా ఏ మిస్త్రీ చేతినుండీ బండి తీసుకోరాదు.

ఇక పల్టీ కొట్టే ప్రమాదం. ఉదాహరణకు చక్రాల మధ్య దూరం 48 అంగుళాలు, బరువు కేంద్రం నేలకు 24 అంగుళాల ఎత్తున ఉన్నదనుకుందాం. నిలిచి ఉన్న బండి 45 డిగ్రీల ప్రక్కవాలు వరకు పడదు. కేంద్రం 4 అంగుళాలు పైకి జరిగితే ఆ కోణం 41 డిగ్రీలకు దిగుతుంది. ఇది కాగితం మీది లెక్క. కమానులు ఒరిగి, మనుషులు నిండి, మలుపులో కదులుతున్న బండి అంతకు చాలా ముందే పడుతుంది. మాహూరు ఘాటులో జీపు పైకప్పుపై సామాను, వెనుక పదిమంది జనం ఉన్నప్పుడు ఈ తేడా చిన్నది కాదు. వెనుక భారం ఎక్కువైతే ముందరి చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తగ్గుతుందనేదీ గుర్తుంచుకోవాలి.

ఇంత చేసినా బురదలో ఇరుక్కునే గుణం పెద్దగా మారదు. కమాను ఎత్తితే ఛాసిస్ లేస్తుంది గాని ఇరుసు లేవదు. డిఫరెన్షియల్ అడుగు పూర్వం ఎంత ఎత్తున ఉన్నదో అంతే ఎత్తున ఉంటుంది. దానిని లేపేది టైరు ఒక్కటే. 28 అంగుళాల టైరుకు బదులు 30 అంగుళాలది వేస్తే ఇరుసు 1 అంగుళం లేస్తుంది. రేగడి బాటకు మంచి గాళ్ళున్న టైర్లు, పనిచేసే ఫోర్ వీల్ డ్రైవు చాలు. మిగిలినది చాలావరకు సోకు.

కాయిల్ స్ప్రింగుల మార్పు

కమానులు తీసి కాయిల్ స్ప్రింగులు వేయించడం మరొక తరగతి పని. కమాను కట్ట బరువు మోయడమే గాక ఇరుసును ముందు వెనుకలకు, ప్రక్కలకు జరగకుండా పట్టి ఉంచుతుంది. కాయిల్ బరువు మాత్రమే మోస్తుంది. కనుక ఇరుసును పట్టడానికి ముందు వెనుకల దిశలో చేతులు, అడ్డంగా పాన్‌హార్డ్ రాడ్ అనే దండం కొత్తగా కట్టాలి. పాన్‌హార్డ్ రాడ్, అడ్డంగా పోయే డ్రాగ్ లింకు ఒకే పొడవుకు దగ్గరగా, ఒకే కోణంలో ఉండాలి. లేనియెడల పైన చెప్పిన గుంతల దోషం తిరిగి వస్తుంది. ఈ చేతుల బ్రాకెట్లు ఛాసిస్‌పై పడే బలాన్నంతా మోస్తాయి. వెల్డింగు ఒకటి ఊడినా ఇరుసు ప్రక్కకు తిరిగిపోతుంది. పందేల మైదానంలో ఇది ముచ్చట. కుటుంబం ఎక్కే బండికి చేయదగిన పని కాదు.

చట్టం మాట

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన, రిజిస్ట్రేషనులో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ అర్థాన్నే స్పష్టపరచింది. అదే ఏడు వచ్చిన సవరణతో చేర్చిన 182ఎ సెక్షను ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. ఇది కేంద్ర చట్టం; నాందేడు ఎం.హెచ్. 26 బండికైనా, గట్టు దాటి వచ్చిన నిజామాబాదు బండికైనా ఒక్కటే. అసలు నిర్దేశానికి సరిపోయే కొత్త కట్ట, బుష్షులు, షాకులు వేయించుకోవడం మరమ్మతు మాత్రమే. ఎత్తు పెంచి నిర్మాణం మార్చడం వేరు. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ సర్వేయరు మొదట చూసేవాటిలో ఇటువంటి మార్పులు ఉంటాయి. చెప్పకుండా చేసిన మార్పు పరిహారానికే అడ్డు రావచ్చు.

ఇంటివద్ద చేసుకోదగిన పరీక్షలు కొన్ని ఉన్నవి. చదునైన నేలపై ఖాళీ బండిని నిలిపి, ముందరి రెండు చక్రాల హబ్బు నడుమ నుండి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలవాలి. రెండు వైపులకు అంగుళానికి మించి తేడా ఉంటే ఒక కట్ట దిగినట్లు. ముందరి బంపరును బలంగా నొక్కి విడిస్తే బండి ఒకసారి లేచి నిలవాలి. రెండు మూడు సార్లు ఊగితే షాకులు పోయినవి. పట్టీలు సెంటర్ బోల్టు వద్ద ఒకదానిపై ఒకటి జరిగి ఉంటే ఆ బోల్టు తెగినట్లే, ఇరుసు వంకరగా నిలిచినట్లే; ఆ బండిని కదపరాదు. కట్ట విప్పి బిగించినప్పుడు పాత యూ బోల్టులు వాడక కొత్తవి వేయించి, 100 కిలోమీటర్లు తిరిగిన తరువాత మరల బిగించాలి. లోహపు బుష్షులకు గ్రీజు కావాలి. రబ్బరు బుష్షులకు అదే గ్రీజు పూస్తే అవి ఉబ్బి పాడవుతాయి. ఎవరైనా ఎత్తు పెంచిన పాత జీపును అమ్మజూపితే, తీసివేసిన అసలు కట్టలు, లింకులు ఉన్నవేమో అడిగి, ఉన్నచో ధరలో కలిపి తీసుకోవాలి. బండిని అసలు రూపానికి మరల్చే ఖర్చు అప్పుడు చాలా తగ్గుతుంది.