పాత క్యాలిక్యులేటర్ వాచీ కొంటున్నారా? ముందు ఈ చిన్న లెక్క వేసి చూడండి..!

ఇంట్లో బీరువా అరలో నాన్నగారి పాత క్యాలిక్యులేటర్ వాచీ పడి ఉందా? పారేయకండి. అలాగని లోపల సెల్ ఉంచేసి మర్చిపోకండి. అయిపోయిన సెల్ కారితే సర్క్యూట్ తుప్పు పడుతుంది. అప్పుడు ఆ వాచీ బతకడం కష్టం. ఎందుకంటే చాలా పాత మోడళ్లకు విడిభాగాలు ఇప్పుడు కొత్తగా తయారు కావడం లేదు.

చేతికి లెక్కల యంత్రం ఎప్పుడొచ్చింది?

1975లో పల్సర్ సంస్థ బంగారు కేసుతో తెచ్చిన క్యాలిక్యులేటర్ వాచీ ధర 3,950 డాలర్లు. మీటలు ఎంత చిన్నవంటే, వేలితో కాదు, చిన్న పుల్లలాంటి దానితో నొక్కాలి. 1977లో హ్యూలెట్ ప్యాకార్డ్ 28 మీటలతో హెచ్‌పీ-01 తెచ్చింది. ఇవి ఎర్రటి ఎల్ఈడీ వెలుగుతో పనిచేసేవి. టైమ్ చూడాలన్నా బటన్ నొక్కాల్సిందే. 1980లో కాసియో సీ-80తో సీన్ మారింది. ప్లాస్టిక్ బాడీ, ఎల్‌సీడీ తెర, వేలితో నొక్కే మీటలు.. దాంతో సామాన్యుడికీ అందుబాటులోకి వచ్చింది.

హైదరాబాద్‌లో ఎక్కడ వెతకాలి?

పుప్పాలగూడ, మణికొండ వైపు ఉండేవాళ్లు రాయదుర్గం వెళ్లి మెట్రో ఎక్కొచ్చు. అమీర్‌పేటలో రైలు మారి ఎర్రగడ్డలో దిగితే ఆదివారం సంత. పాతబస్తీ వైపు గురువారం జుమ్మెరాత్ బజార్ ఉంటుంది. రెండు చోట్లా పాత సామాను గుట్టల్లో ఓపిగ్గా వెతకాలి. దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. బిల్లు, వారంటీ కూడా ఆశించొద్దు. అందుకే అక్కడికక్కడే పరీక్షించాలి.

కొనే ముందు ఈ 4 చూడండి

1. ఎనిమిది అంకెల తెర ఉంటే 12345679 కొట్టండి (మధ్యలో 8 లేదు, గమనించండి). దాన్ని 8తో గుణిస్తే 98765432 రావాలి. 1 నుంచి 9 వరకు మీటలన్నీ పనిచేస్తున్నాయో లేదో ఒక్క లెక్కతో తేలిపోతుంది. సున్నా విడిగా నొక్కండి.

2. తర్వాత 88888888 కొట్టండి. ఏ గీత వెలగకపోయినా తెరలో లోపం ఉన్నట్టే. సిరా ఒలికినట్టు నల్ల మరక ఉంటే వదిలేయండి.

3. వెనక మూత తీయించి చూడండి. పచ్చని, తెల్లని పొడి పేరుకుంటే సెల్ కారినట్టే.

4. కాసియో వాచీ అయితే వెనక చిన్న గడిలో మాడ్యూల్ నంబర్ ఉంటుంది. సీఏ-53డబ్ల్యూ మోడల్ 1980ల నాటిదే అయినా ఏళ్ల తరబడి తయారవుతూనే ఉంది. వెనక 3208 అని ఉంటే అది తర్వాతి కాలం వాచీ. 'ఎనభైల నాటి పీస్' అంటే నమ్మి ఎక్కువ ఇవ్వొద్దు.

సెల్ మార్చినా తెర రాలేదా?

కంగారొద్దు. చాలా కాసియో వాచీల్లో లోపల 'ఏసీ' అని గుర్తు ఉంటుంది. ఆ చుక్కను, సెల్ ప్లస్ వైపును ట్వీజర్‌తో ఒక్క క్షణం కలిపితే వాచీ రీసెట్ అవుతుంది. చేతకాకపోతే వాచీ రిపేర్ షాపుకు తీసుకెళ్లండి.

ఇవి మర్చిపోవద్దు: తీసిన బటన్ సెల్ పిల్లలకు అందకుండా పెట్టండి, మింగితే ప్రాణాపాయం. పాత రబ్బరు సీలు ఎండిపోయి ఉంటుంది కాబట్టి వాచీని తడపొద్దు. నీట్ లాంటి పరీక్షలకు ఏ వాచీ అయినా ఇంట్లో వదిలే వెళ్లండి.