ఔషధనిరోధము: పొరుగునుండి వచ్చిన ఆస్తి

రెండవ ప్రపంచయుద్ధానంతరము జపాను దేశమున జిగట విరేచనములకు విరివిగా వాడబడిన సల్ఫా మందులు కొలది యేండ్లలోనే నిష్ప్రయోజనములు కాగా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ అను నూతనౌషధములు వాటికి తోడైనవి. 1955లో హాంకాంగునుండి మరలివచ్చిన యొక జపాను స్త్రీయందు ఈ నాల్గింటికిని లొంగని, ఆ విరేచనములను కలిగించు షిగెల్లా బాక్టీరియా కనబడెను. నాలుగు మందులకు సరిపడు నాలుగు మార్పులు ఒక్క జీవియందే యాదృచ్ఛికముగా సమకూడుట దాదాపు అసంభవము; అయినను అట్టి షిగెల్లా నానాటికి వర్ధిల్లుచునే యుండెను.

ఈ గుట్టును 1959లో ఓచియై, అకిబా అను శాస్త్రజ్ఞులు, వేర్వేరుగా పరిశోధించియే, బయటపెట్టిరి. నిరోధముగల ఈ. కోలై అను ప్రేవుల బాక్టీరియాను నిరోధములేని షిగెల్లాతో ఒకేచోట పెంచినంతనే నాలుగు గుణములును మూటగట్టి యిచ్చినట్లు రెండవదానికి సంక్రమించినవి. తండ్రి ఆస్తి కొడుకునకు దిగుట లోకమెరిగినదే; పొరుగు జాతి ఆస్తి ముంగిటికి నడచివచ్చుట మాత్రము వింత. సుతొము వతనబే 1963లో ప్రకటించిన సమీక్షలో దీనిని అంటుకొను వారసత్వమనెను. ఇంతకంటె తగిన పేరు నాకు తోచదు.

ఆ మూటయే ప్లాస్మిడ్: క్రోమోజోముతో నిమిత్తము లేక తన ప్రతిని తానే రచించుకొను డిఎన్ఏ వలయము. రెండు కణములు సన్నని తంతువుతో దగ్గరై కలిసినపుడు, వలయములోని జంటపోగులలో ఒకటి విడివడి అవతలి కణమునకు జారును. పిమ్మట ఇరువురును లోపించిన పోగును పూరించుకొందురు. దాతకు లోటు లేదు, గ్రహీతయు త్వరలోనే దాతయగును.

నిరోధజన్యువులను ఒకే వలయమున ప్రోగుచేయుచు ప్లాస్మిడ్‌నుండి ప్లాస్మిడ్‌కు గెంతు జన్యుఖండములను హెడ్జెస్, జేకబ్ 1974లో ట్రాన్స్‌పోజాన్లని పిలిచిరి. మొక్కజొన్న గింజల రంగులను జూచి బార్బరా మెక్లింటాక్ ఇట్టి సంచారమును అంతకు పాతికేండ్లకు ముందే గ్రహించినను, ఆమెకు నోబెల్ బహుమానము దక్కినది 1983లో గాని కాదు.

టెట్రాసైక్లిన్ వర్గమునకు మొదటిదైన ఆరియోమైసిన్, 1948లో, మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యము వహించిన లెడర్లీ ప్రయోగశాలనుండియే వెలువడినది. అందుచేతనే, ఆ తెలుగు శాస్త్రజ్ఞుని తెలుగునేలపైనే, హైదరాబాదు చెంత జరిగిన పటాన్‌చెరు కథ నన్ను మిక్కిలి బాధించును. అచ్చటి ఔషధకర్మాగారముల మురుగును శుద్ధిచేసి విడిచిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను యాంటీబయాటిక్ లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు కలదని 2007లో స్వీడను పరిశోధకులు వెల్లడించిరి. మందు మ్రింగిన రోగి రక్తములో నుండు పాలుకంటె అది అధికము. ఆ ప్రాంతపు ఏటి అడుగుమట్టిలో నిరోధజన్యువులును, వాటిని మోయు సంచార ఖండములును సమృద్ధిగా నున్నవని 2011లో తేలినది. ఇట్టి మురుగులో యాంటీబయాటిక్‌ల పరిమాణమునకు 2020 ముసాయిదాలో కేంద్రప్రభుత్వము ప్రతిపాదించిన హద్దులు 2021 తుది నియమములలో కానరావు. వాటిని తిరిగి చేర్పవలసియున్నది.