అలంకారము – చరిత్ర



పాతబస్తీలోని మా యింటి డాబా నెక్కినచో చార్మినారు కానవచ్చును. 1591వ సంవత్సరమున మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన యీ కట్టడమును చూపియే నేను ముప్పదియేండ్లకుఁ బైగా పిల్లలకు ఉపమాలంకారమును బోధించితిని. ఉపమకు నాలుగంగములు: ఉపమేయము, ఉపమానము, సమానధర్మము, ఉపమావాచకము. చార్మినారునకు నాలుగు మీనారులవలె ఈ నాలుగును కనఁబడినచో అది పూర్ణోపమ. ఒక్కటి లోపించినను లుప్తోపమ.

ఆ సుల్తాను దక్కనీ భాషలో కవి. తన నగరము జనముతో నిండవలయునని దేవుని వేడుచు, నీటిలోని చేపలను పోలికగాఁ దెచ్చెనని ప్రసిద్ధి. ఇందు జనము ఉపమేయము, చేపలు ఉపమానము, నిండియుండుట సమానధర్మము, ‘వలె’ అను అర్థమిచ్చు మాట వాచకము. భాష వేఱైనను అలంకారము వేఱుగాలేదు. ‘ఆయన మనసు వెన్న’ యని మీ యింటి ముసలమ్మ యన్నచో అది రూపకము. ‘కన్నీరు కాలువలు గట్టినది’ యన్నచో అతిశయోక్తి. అలంకారములు జనుల నోటఁ బుట్టినవి. పండితులు వానికిఁ బేళ్లు పెట్టిరి.

అయినను ఈ పేళ్లు తెలిసినంతమాత్రమునఁ జాలదు. ఏది పోలికయో, ఏది వృత్తాంతమో తెలియనిచో చరిత్రయే తాఱుమాఱగును. నా యుద్యోగారంభమున నేనే యిట్టి పొరపాటు చేసితిని. బాల్యమున గురువుగారియొద్ద ప్రతాపరుద్రీయమును చదివినవాఁడను. ఆ గర్వముతో తరగతిలో, కాకతి ప్రతాపరుద్రుని యెదుట నిలిచిన శత్రువే లేఁడని చెప్పితిని. వెనుకవరుస పిల్లవాఁడొకఁడు లేచి, “పంతులుగారూ, అట్లయిన ఓరుగంటికోట యేల పడినది?” అని యడిగెను. నాకు మాట రాలేదు. నేను పద్యములను పాఠము చేసితినిగాని, అవి యెట్టి పద్యములో విచారింపలేదు.

విద్యానాథుఁడు ప్రతాపరుద్రుని యాస్థానకవి. ఆయన గ్రంథము తొమ్మిది ప్రకరణముల యలంకారశాస్త్రము. మల్లినాథసూరి కుమారుఁడగు కుమారస్వామి దానికి రత్నాపణమను వ్యాఖ్య వ్రాసెను. లక్షణము చెప్పుట, దానికి రాజస్తుతినే యుదాహరణముగాఁ జూపుట ఆ గ్రంథపు పద్ధతి. అతిశయోక్తికి ఉదాహరణ వ్రాయఁబూనిన కవి అతిశయించియే చెప్పును గదా! అది కవి తప్పు గాదు. చరిత్రగాఁ జదివిన నా తప్పు.

జరిగిన దేమనఁగా, 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూరుకు ప్రతాపరుద్రుఁడు ఏనుఁగులను, గుఱ్ఱములను, ధనమును కప్పముగా నిచ్చెను. 1323లో ఉలుఘ్‌ఖానునకుఁ గోట వశమయ్యెను. రాజును బందీగా ఢిల్లీకిఁ దరలించిరి. ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము, ఆ ప్రయాణమున నర్మదాతీరమున రాజు మరణించెనని చెప్పుచు, ఆయనను అస్తమించిన సూర్యునిగా రూపించినది. ఒకే రాగిఱేకుమీఁద నర్మదయుఁ గలదు, సూర్యాస్తమయముఁ గలదు. మొదటిది వృత్తాంతము, రెండవది రూపకము. ఆ రూపకమునుగూడ పాఱవేయరాదు. రాజు పోయినప్పుడు ప్రజలకు లోకమెట్లు తోఁచెనో అది చెప్పుచున్నది.

గోలకొండ సంగతి చూడుఁడు. 1550 నుండి 1580 వఱకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాను మన కవులు ‘మల్కిభరాముఁడు’ అని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమొసఁగెను. పొన్నికంటి తెలగన్న మొదటి యచ్చతెనుఁగు కావ్యమగు యయాతిచరిత్రమును పటాన్‌చెరువు అమీన్‌ఖానునకు అంకితమిచ్చెను. తత్సమములను విడిచియుఁ గావ్యము నిలిచినది. ఏలయన, అర్థాలంకారము భావమును ఆశ్రయించునుగాని సంస్కృతపదమును గాదు. కృతిపతి స్తుతులలోని ప్రతిమాటయు నిజమని నేననను. కాని తెలుఁగుకవి ముసల్మాను ప్రభువును కృతిపతి పీఠమునఁ గూర్చుండఁబెట్టుట, ఆ ప్రభువు తెలుఁగుకావ్యమును కోరి పుచ్చుకొనుట – ఇవి యతిశయోక్తులు గావు. స్తుతిలోని పోలిక కల్పన కావచ్చును. స్తుతి పుట్టుట మాత్రము చరిత్ర.

ఇప్పుడు మీ యూరికి వత్తము. దానశాసనములలో ‘ఆచంద్రార్కము’ అను మాట తఱచుగా నుండును. చంద్రసూర్యులున్నంతకాలము భూమి చెల్లవలయునని దాత కోరిక. 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1955లో ఈనాముల రద్దు చట్టము వచ్చెను. చంద్రసూర్యులు మాత్రము ఉదయించుచునే యున్నారు. అంతమాత్రమున శాసనము అబద్ధమని త్రోసివేయుదుమా? అందలి సంవత్సరము, దాత పేరు, పొలమునకు నాలుగుదిక్కుల యెల్లలు – ఇవి యలంకారములు గావు. చెఱువును ‘సముద్ర’ మనుట యతిశయోక్తి; కాని ఆ పేరున్న చోట పూర్వమొక పెద్దచెఱువుండెనా యని వెదకుటకు అదియే మొదటి జాడ. హైదరాబాదులో హుస్సేన్‌సాగరు నీళ్లుప్పన గావు గదా!

కావున పెద్దలారా, పాఁతవ్రాత కనఁబడినప్పుడు మూఁడు ప్రశ్నలు వేయుఁడు. ఇది యెవరు చెప్పిరి? ఏమి కోరి చెప్పిరి? పోలికను తీసివేసినచో మిగులునదేమి? మిగిలినదానిని మొదట వ్రాసికొనుఁడు. తీసిన పోలికనుగూడ ప్రక్కనే వ్రాసియుంచుఁడు. ఒకటి యూరి వృత్తాంతము. వేఱొకటి యూరి హృదయము.

గుడిగోడమీఁద, దర్గా వాకిట, చెఱువుకట్టమీఁద మీ యూళ్లలో నెన్ని ఱాళ్లున్నవో! వానిమీఁద సున్నము కొట్టకముందే, తాతలనాఁటి మాట తెలిసిన వారుండఁగానే, మనుమఁడిచేత చదివించి వ్రాయింపుఁడు. ఆ పిల్లవాఁడు “తాతా, ఇది నిజమా?” యని యడిగినచో కోపపడకుఁడు. నాకు చరిత్ర నేర్పినది అట్టి ప్రశ్నయే.